రేసుకుక్కల వాటా

చంద్రగిరికి ఎగువన, శేషాచలం కొండల వారన ఉన్న ఒక పల్లెలో పట్టపగలే రేసుకుక్కలు మేకను పట్టాయి. మామూలు మేక కూడా కాదు, చూడిమేక. మంద వెంట ఉన్న కొడుకు కేకలు పెట్టి, రాళ్లు రువ్వి తరిమేసరికే వెనక భాగం తినేశాయి. ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చుతోక. కాసేపు బండల మీద నిలబడి చూసి, ఒకదాని వెనక ఒకటి పైకి వెళ్లిపోయాయి. ఆ తర్వాత కొండలోంచి సన్నగా ఈలలు వినబడ్డాయి. రేసుకుక్క మొరగదు. చెదిరిన గుంపు మళ్లీ ఒకచోట చేరేది ఆ ఈలతోనే.

కొడుకు ఇంటికొచ్చి తువ్వాలు విసిరికొట్టాడు. "వాట్ని ఈరోజు వదిలిపెట్టేది లేదు నాయినా. మిగిలింది తినేదానికి మళ్లీ వస్తాయి. మందు పెట్టేస్తా."

అరుగు మీద కూర్చున్న పెద్దాయన తలెత్తాడు. "వద్దురా అబ్బోడా. మేక పోయిందంటే ఫారెస్టోళ్లకు చెప్పు, వచ్చి చూసి రాసుకుంటారు. ఆ కుక్కలు తిరగబట్టే మన శెనక్కాయ చేన్లో పందులు ఈమాత్రమన్నా తక్కువ. పందిపిల్లల్ని దక్కనీవు అవి."

"నీకు మేకకన్నా కుక్కలే ఎక్కువైపోయినాయా?"

"మీ జేజి నన్ను సాకింది వాట్ని నమ్ముకొనే గదరా!"

ఆ కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. పెద్దాయన చిన్నప్పుడు కరువొచ్చింది. పొద్దున్నే కొండలో ఈల వినబడితే చాలు, వాళ్లమ్మ కొడవలి పట్టుకుని ఆ దిక్కుకు పరుగెత్తేది. రేసుకుక్కలు కొట్టిన దుప్పి దగ్గరికి మనుషులు వెళ్తే అవి మీదపడవు. పక్కకు తప్పుకుని దూరంగా నిలబడి చూస్తుంటాయి. ఆమె ఒక తొడ కోసుకుని, తక్కినది అక్కడే వదిలేసి వచ్చేది. అంతా కోసుకొస్తే వాటి పిల్లల ఉసురు తగులుతుందనేది. రేసుకుక్కల మందలో ముందు తినేది పిల్లలే, పెద్దవి కాచుకుని నిలబడతాయి. అడవి మీద బతికిన ఆ తల్లి కళ్లారా చూసిన సంగతి అది.

అదే కాలంలో సర్కారుకు మాత్రం ఇవి పురుగుతో సమానం. తెల్లదొరల ఏలుబడిలో రేసుకుక్కను చంపి తెచ్చినవాడికి బహుమానం ఇచ్చేవారు. తెల్లదొరలు పోయినా ఆ చూపు పోలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాకే వాటికి రక్షణ దొరికింది. ఈరోజు ప్రపంచం మొత్తం మీద ఈడొచ్చిన రేసుకుక్కలు 2,500 కూడా లేవని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) అంచనా. విశాఖ జూలో వాటి సంతతిని పెంచడానికి ప్రత్యేకంగా కేంద్రమే పెట్టాల్సి వచ్చింది. ఒకచోట పిల్లల్ని పుట్టించుకుంటూ ఇంకోచోట తల్లుల్ని చంపుకుంటున్నాం. ఆస్ట్రేలియాలో డింగోలనే అడవికుక్కల గతీ ఇదే. గొర్రెల కోసం వాటికి 5,600 కిలోమీటర్ల కంచె అడ్డం కట్టారు, ఇప్పటికీ విషం కలిపిన మాంసం ఎర వేస్తున్నారు. విషానికి ఎవరు తింటున్నారో తెలియదు. నక్క తిన్నా, గద్ద తిన్నా దానికి ఒకటే. తుపాకీ కన్నా అది ఘోరమని నేననేది అందుకే.

మేక పోతే ఆ ఇంటికి ఎంత నష్టమో నాకు తెలుసు. కొడుకు కడుపుమంటలో న్యాయముంది. కానీ వాడు నాయన మాటకు మారు చెప్పకుండా లేచి, వంకాయ తోటకని తెచ్చిన పురుగుమందు గూట్లోంచి తీసి లుంగీ మడతలో దోపుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. పని ముగించుకుని, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, చంద్రగిరికి దాణా కోసం వెళ్లిపోయాడు.

వాడు తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. వాకిట్లోకి అడుగుపెట్టగానే మసాలా వాసన గుప్పుమంది. లోపల పిల్లలిద్దరూ పళ్లేల ముందు కూర్చుని ఉన్నారు. వేడి వేడి సంగటి ముద్దలు. చిన్నది అప్పుడే ముద్ద మధ్యలో వేలితో గుంత చేసి, పులుసు కోసం పళ్లెం ముందుకు జరుపుతోంది. వాళ్లమ్మ గరిటె ముంచింది.

"ఏం కూర?" అన్నాడు వాడు, చెప్పులు విడుస్తూ.

పెద్దాయన నవ్వుతూ చెప్పాడు. "సాయంత్రం కొండ వారకి పోయినా. కన్ను ఆనకపోయినా తడుముకుంటా వెతికినా. మన మేక అట్లే పడుండాది, ముందు జబ్బ చెక్కు చెదర్లేదు. కుక్కలు దూరంగా బండ మీద నిలబడుండాయి గానీ దగ్గరికి రాలేదు. మీ జేజి కాలంలో మాదిరే మన వాటా మనకు పెట్టినాయి అనుకోని కోసుకొచ్చినా."

వాడు ఒక్క దూకు దూకి గరిటె లాగేశాడు. కుండను కాలితో తన్నాడు. పులుసు పొయ్యిలోకి, గోడ మీదికి చిమ్మింది. చిన్నది బావురుమంది.

పెద్దాయన వణుకుతూ లేచి నిలబడ్డాడు.

"నోరులేని జంతువులు మనకింత వదిలిపెట్టి పోతే, కన్నబిడ్డల నోటికాడ కూడు తన్నేస్తివే... నీకేం పొయ్యేకాలం వచ్చిందిరా?"