రాయి మీద నా పేరు

మీరు ఎవరికీ చెప్పరన్న ధైర్యంతో చెబుతున్నాను. మా వీధిలో ఎవరింట్లో మిక్సీ తిరక్కపోయినా, ఫ్యాను మూలిగినా పిలవకుండానే వెళ్లి స్క్రూడ్రైవరు అడిగే రకం నేను. బాగుచేసినవెన్నో అడక్కండి, విప్పినవెన్నో మాత్రం వీధంతా చెబుతుంది. మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్లడమంటే, నాకు చేతకాదని కాగితం రాసిచ్చినట్టే లెక్క. మీలోనూ అలాంటివాడొకడు ఉన్నాడు. దాచకండి.

చీమకుర్తిలో ఓ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాస్తాను. మా గెలాక్సీ రాయి మీరు చూసే ఉంటారు. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు. గ్రానైట్ అని పేరేగానీ భూగర్భశాస్త్రం చదివినవాళ్లు దాన్ని గాబ్రో జాతిలో కలుపుతారు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం తళుకు. పేరొకటి, సరుకొకటి. అచ్చం నాలాగే.

కోతలో మిగిలిన అరచేతంత ముక్క ఒకటి కంటబడింది. కటింగ్ కుర్రాణ్ని బతిమాలి దాని మీద నా పేరు చెక్కించాను. బండి వెనక మడ్‌గార్డుకి రెండు బెజ్జాలు పొడిచి, నా చేతులతోనే బోల్టులు బిగించాను. తూకం వేస్తే 350 గ్రాములుంది. వారం తిరక్కుండా ఫ్యూజులు పోవడం మొదలైంది.

ఈ రెండు ముక్కలకీ సంబంధం ఉందని మీకు అప్పుడే తట్టేసింది కదూ? నాకు పదహారు రోజులు పట్టింది.

నాది పాతకాలపు బండి. హెడ్‌లైటు కరెంటు మాగ్నెటో నుంచి నేరుగా వస్తుంది, కాబట్టి ఫ్యూజు పోయినా ఇంజనూ హెడ్‌లైటూ నడుస్తూనే ఉంటాయి. బ్యాటరీ మీద బతికే హారను, బ్రేకు లైటు, ఇండికేటర్లు మాత్రం చల్లబడతాయి. కర్నూలు రోడ్డు మీద, రాళ్ల లారీల మధ్య, హారను లేని బండి! రెండు రోజులు నోటితోనే "పీం... పీం" అన్నాను. రోడ్డు దాటుతున్న ఓ ముసలమ్మ ఆగి, నా వంక జాలిగా చూసి, "ఎవరి బిడ్డో పాపం" అంది.

ఇంటి ముందు నిలబెట్టి పరీక్షిస్తే ఏమీ కాదు. బ్రేకు తొక్కినా బాగానే ఉంటుంది. రోడ్డెక్కి స్పీడ్ బ్రేకరు దగ్గర బ్రేకు తొక్కానో, టప్. పది ఆంపియర్ల గాజు ఫ్యూజు లోపల నల్లగా మాడి కూర్చుంటుంది. ఆధారం అంత స్పష్టంగా కళ్ల ముందుంటే నేనేం చేశాను? స్పీడ్ బ్రేకర్లు వేసినవాళ్లని తిట్టుకున్నాను.

తర్వాత ఒంగోలు వెళ్లి మల్టీమీటరు కొన్నాను. డాక్టరు స్టెతస్కోపులా మెడలో వేసుకుని వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను కూడా. ఎక్కడ ముళ్లు ఆనించినా అది కుయ్యిమంది. కుయ్యిమన్నచోటల్లా షార్టేనని టేపు చించాను. ఆ సాయంత్రానికి బండి పేగులన్నీ అరుగు మీద ఉన్నాయి. చల్లారిన బల్బులో తీగ నిరోధం ఒక ఓము అటూ ఇటూ ఉంటుందనీ, ఆ మాత్రానికి మీటరు షార్టన్నట్టే కూస్తుందనీ తర్వాత తెలిసింది. అంటే నేను పట్టుకున్న షార్టులన్నీ ఆరోగ్యంగా ఉన్న బల్బులే.

ఫ్యూజుల డబ్బా ఖాళీ అయింది. మర్నాడు ఒంగోల్లో పెళ్లి. ఇక్కడే సరస్వతి నా నెత్తిన నాట్యమాడింది. పాత వైరు ఒలిచి, రెండు రాగి పోగులు మెలేసి ఫ్యూజు చోట చుట్టేశాను. "ఇక ఈ జన్మలో పోదు చూడు" అన్నాను మా ఆవిడతో.

పోలేదండీ. నిజంగానే పోలేదు. ఫ్యూజు పోనంటే మరొకటేదో పోవాలి కదా. ఊరు దాటామో లేదో స్పీడ్ బ్రేకరు, బ్రేకు తొక్కాను, వెనక నుంచి "ఏమండీ, సీటు కాలుతోంది" అంది, పట్టుచీర వేడేమోలే అన్నాను, ఆ మాట నోట్లో ఉండగానే తొడల మధ్య నుంచి పొగ, వైర్లన్నీ కరిగి ఒకదానికొకటి అంటుకుని అన్నాళ్లూ గొంతు పెగలని హారను ఒక్కసారిగా ఆకాశం అదిరేట్టు ఏడుపు, నేను "దిగవే, దిగు" అంటూ ఆమె కంటే ముందు నేనే దిగి పరుగు, బండి పక్కకి ఒరిగి పడటం, టీకొట్టు జనమంతా గ్లాసులతో సహా లేవడం. ఓ లారీ క్లీనరు కుర్రాడు వచ్చి చొక్కా చేతికి చుట్టుకుని బ్యాటరీ వైరు పీకేశాడు. హారను ఆగింది. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ చూసిన చూపు గురించి రాయను.

పెళ్లికి బస్సులో వెళ్లాం. బండి ట్రాలీ ఎక్కి వైరింగ్ చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లింది. కాలినవన్నీ మార్చి ఆయన చేసిన పని చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఫ్యూజు పెట్టాల్సినచోట ఓ హెడ్‌లైటు బల్బు తగిలించాడు. ఇక షార్టయితే ఫ్యూజు మాడదు, బల్బు వెలుగుతుంది. 35 వాట్లది కాబట్టి మూడు ఆంపియర్లకి మించి వదలదు, వైర్లూ కాలవు. నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమన్నాడు. బల్బు మసకగా వెలిగింది. తను హ్యాండిల్ తిప్పాడు, సీటు కింద కదిపాడు. మార్పు లేదు. వెనక మడ్‌గార్డు పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు. బల్బు భగ్గుమంది.

వంగి కిందికి చూశాడు. నా బోల్టు మొన బ్రేకు లైటు వైరు తోలు ఒరుసుకుని రాగి దాకా వెళ్లింది. బండి ఎగిరినప్పుడల్లా ఆ రాయి బరువుకి మడ్‌గార్డు ఊగి, బోల్టు వైరుకి తగులుతోంది. బ్రేకు తొక్కినప్పుడే ఆ వైర్లో కరెంటుంటుంది. అందుకే స్పీడ్ బ్రేకర్లు!

"ఎవురు సారూ, ఇంత పొడుగు బోల్టు బిగించింది?" అన్నాడు.

"ఏమో, ఎవడో తెలివితక్కువ మెకానిక్" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

ఆయన బొటనవేలితో రాయి మీద దుమ్ము తుడిచి, అక్షరం అక్షరం కూడబలుక్కుని నా పేరు చదివాడు. మరి మాట్లాడలేదు. పాత పేపర్లో చుట్టి నా చేతికిచ్చాడు.

మా ఆవిడ ఇప్పుడు ఆ రాయిని ఉప్పు మిరపకాయల జాడీ మూత మీద బరువుగా వాడుతోంది. పేరున్న వైపు కిందికి తిప్పి పెట్టింది.