బొంతా, గుడ్డ చిలకా, సిలిండరు గౌనూ

బొంత అంటే పాత నూలు బట్టల్ని మూడు నుంచి ఐదు పొరలుగా పరిచి, అన్నిటినీ కలిపి దారంతో కుట్టిన పక్కబట్ట. పైన చీర, అడుగున చీర, మధ్యలో నలుగురి కంటా పడకూడని పంచెలు, చిరిగిన దుప్పట్లు, వెలిసిపోయిన లంగాలు. నిర్వచనం ఇంత తేలికే. చిక్కంతా ఏది పాతదన్న దగ్గర వస్తుంది. ఫలానా బట్ట పాతబడిందని తీర్పు చెప్పే అధికారం ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. మగవాళ్ల చొక్కాల వరకు ఆ అధికారం ఇల్లాలిది. ఇల్లాలి చీరల విషయంలో ఎవరిదీ కాదు, చివరికి ఇల్లాలిది కూడా కాదు.

తెలుగింట్లో బట్ట ఒక్కసారిగా పోదు, మెట్టు మెట్టుగా దిగుతుంది. పెళ్లికి కొన్న చీర పేరంటాలకు, పేరంటాల చీర వంటింటికి, వంటింటి చీర ఉయ్యాలకు, ఉయ్యాల గుడ్డ పొత్తిళ్లకు, ఆఖరికి పొయ్యి దగ్గర మసిగుడ్డకు. ఈ పతనాన్ని మధ్యలో ఆపగలిగింది బొంత ఒక్కటే. బొంతలో చోటు దొరకడం బట్టకు శాసనమండలిలో సీటు దొరకడం లాంటిది. వయసు మళ్లినా గౌరవం ఉంటుంది, పెద్దగా కదలక్కర్లేదు.

ముడిసరుకు సేకరణలో బొంతకు ఒక పాత శత్రువు ఉంది. అది "పాత బట్టలకు స్టీలు సామాన్లు" అని వీధిలో వినిపించే కేక. ఆ కేక మధ్యాహ్నం పూటే వినిపించడం యాదృచ్ఛికం కాదు. ఆ వేళకు ప్యాంట్ల యజమానులు ఆఫీసుల్లో ఉంటారు. చీరలూ ప్యాంట్లూ కుప్పపోశాక ఒక గిన్నె బయటికొస్తుంది. దానికి మూత కావాలంటే ఇంకో రెండు ప్యాంట్లు పడాలి. సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి తన ప్యాంటు కోసం ఇల్లంతా వెతికి, రాత్రి ఆ ప్యాంటులోంచే చారు పోయించుకుని తింటాడు. పాత పట్టుచీరల కోసం తిరిగే వ్యాపారులు వేరే ఉన్నారు. వాళ్ల చూపు పట్టు మీద కాదు, అసలు జరీలోని వెండి మీద. వీళ్లంతా పట్టుకుపోగా మిగిలింది బొంతకు.

మిగిలినవన్నీ కూడా పనికిరావు. పాలియెస్టరు, నైలాను చీరలు ఎన్నేళ్లయినా చిరగవు, వెలవవు. మనిషికైతే ఇది సద్గుణమే కానీ బొంతకు కాదు. సూది కింద జారిపోతాయి, చెమట పీల్చవు, వేసంకాలం ఒంటికి అతుక్కుంటాయి. బొంతకు కావలసింది బాగా నలిగిన నూలు: వెంకటగిరి, మంగళగిరి, నారాయణపేట, చీరాల, ఏదైనా సరే. నేతకు ముందు పడుగుకు పట్టించిన గంజి ఉతుకు ఉతుక్కీ వదిలిపోయి, పోగులు సడలి, గుడ్డ మెత్తబడుతుంది. కాకపోతే నూలుచీర బొంతకు సరిగ్గా తయారయ్యే రోజే, కట్టుకోవడానికి మహా సుఖంగా తయారయ్యే రోజు కూడా. అందుకే "వచ్చే ఏడు వేద్దాంలే" అన్న మాట బొంత చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినబడుతుంది.

చీరల పెట్టె తెరిస్తే చీరలతోపాటు చుట్టాలూ బయటికొస్తారు. ప్రతి చీరకూ పెట్టినవాళ్ల పేరు, పెట్టిన సందర్భం, దాని వెల మీద అప్పట్లో జరిగిన చర్చ ఉంటాయి.

"ఇది పైపొరకు బాగుంటుంది కదా అత్తయ్యా?"

"మీ పిన్ని పెట్టిందేగా? అడుగున వెయ్యమ్మా, గట్టిగా ఉంటుంది."

గట్టిదనం వస్త్రశాస్త్రానికి సంబంధించిన విషయమే అయినా, బొంత పొరల అమరికలో పుట్టింటివారి చీరలు పైకీ మెట్టినింటివారి చీరలు కిందికీ, లేదా అటుదిటుగా, ఎందుకు సర్దుకుంటాయో ఆ శాస్త్రం వివరించలేదు. పొరలు తేలాక రంగు పరీక్ష. అంచు తడిపి తెల్లగుడ్డ మీద వేసి వేడి ఇస్త్రీ పెట్టెతో నొక్కాలి. గుడ్డకు రంగు అంటితే ఆ చీరను విడిగా నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. ఇరవై ఏళ్లు బుద్ధిగా ఉన్న ఎర్రచీర బొంతలో చేరిన తొలి వానాకాలంలోనే ఇంటిల్లిపాది బనియన్లనూ గులాబీ రంగుకు మారుస్తుంది.

సాదా బొంతకు కత్తిరింపు పెద్దగా ఉండదు. అయిదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే పైపొర, అడుగుపొర ఒకేసారి అమరుతాయి, ఒక మనిషి పడుకోవడానికి చాలు. అసలు గొడవ ముక్కలు అతికే బొంతతో. ముక్కలకు కొరత మాత్రం లేదు. శ్రావణమాసం వాయనాల్లో వచ్చే జాకెట్టు ముక్కలే దానికి మూలధనం. 80 సెంటీమీటర్ల ఈ ముక్క కుట్టించుకోవడానికి పుట్టలేదు, తాంబూలంలో ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తిరగడానికి పుట్టింది. నాలుగిళ్లు తిరిగి, మొదట పెట్టినావిడ ఇంటికే చేరి, ఆవిడ కూడా గుర్తుపట్టకుండా మళ్లీ బొట్టుపెట్టి సాగనంపిన ముక్కలు కొల్లలు. వీటిని చెలామణిలోంచి తప్పించడానికి కత్తెరకు మించిన మార్గం కనబడదు.

కత్తిరించేటప్పుడు కుట్టు కోసం నాలుగు వైపులా పావు అంగుళం వదలాలి. నాలుగు అంగుళాల గడి కావాలంటే నాలుగున్నర అంగుళాల ముక్క కోయాలి. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవున్న బొంతకు అడ్డంగా 15, నిలువుగా 21, మొత్తం 315 ముక్కలు. ఉత్సాహం సాధారణంగా నలభయ్యో ముక్క దగ్గర ఆగుతుంది. అందుకే చాలా ఇళ్లలో బొంతగా మొదలైన పని దిండు గలీబుగా ముగుస్తుంది. ఆగకుండా సాగినవాళ్లను లెక్క పట్టుకుంటుంది. ప్రతి కుట్టు దగ్గరా అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వస్తే, 14 కుట్లు దాటేసరికి ఒకటిముప్పావు అంగుళం తేడా. బొంత ఒక మూలకు లాగుతుంది. ముక్కల్ని ఐమూలగా, అంటే దర్జీలు క్రాస్ అనే పద్ధతిలో కోస్తే ఇంకా ప్రమాదం. అలా కోసిన గుడ్డ సాగుతుంది, చదరం కాస్తా గాలిపటమవుతుంది. దీన్ని కొందరు డిజైనంటారు.

ముక్కల్ని చేర్చి కుట్టడం బౌద్ధ భిక్షువుల నాటికే ఉంది. పారేసిన గుడ్డలు ఏరుకుని చీవరాలు కుట్టుకునే రోజుల్లో, మగధలోని పొలాల్ని చూపించి ఆ తీరులో ముక్కలు అమర్చమని బుద్ధుడు ఆనందుడికి చెప్పాడని వినయ పిటకంలో ఉంది. మడులు ముక్కలయ్యాయి, గట్లు కుట్లయ్యాయి. అతుకుల అమరికకు మొదటి నమూనా గీసింది అలా ఒక మగవాడే. ఆ తర్వాత మగజాతి ఈ రంగంలో సలహాలతో సరిపెట్టుకుంది.

కుట్టు దగ్గరికి వస్తే, ముందు హాలు ఖాళీ చెయ్యాలి. పొరలన్నీ ముడత లేకుండా పరిచి, దూరం దూరంగా పెద్ద టాకాలు వేసి కదలకుండా బిగించాలి. కుట్టు మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకు రావాలి. అంచునుంచి మొదలుపెడితే గుడ్డంతా నడిమికి పోగై అక్కడొక గుట్ట లేస్తుంది. ఈ సూత్రాన్ని తలకిందులు చేసి కూడా గెలిచినవాళ్లున్నారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ ప్రాంతంలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత ఒక మూలనుంచి మొదలై అంచు చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తుంది. ముక్క మీద ముక్క వేస్తూ మధ్యకు చేరేసరికి పూర్తవుతుంది. మూలల్లో పువ్వుల పేరుతో చిన్న ముక్కలు కుడతారు. అవి లేని కవంది బట్టలేని మనిషితో సమానమని వాళ్ల లెక్క.

పొరలు మందమైతే దబ్బనం, పలచనైతే మామూలు సూది. దారం చేతి పొడవుకు మించితే చిక్కుపడుతుంది, పోగులు లేస్తుంది. మాటిమాటికీ సూదిలో దారం ఎక్కించలేక బారెడు దారం తీసేవాళ్లకు ఎక్కించడంలో కలిసొచ్చిన సమయం చిక్కు విప్పడంలో వడ్డీతో సహా పోతుంది. బెంగాలీ ఆడవాళ్లు పూర్వం కాంథా అనే తమ బొంత కుట్టడానికి దారం కూడా కొనలేదు, పాత చీరల అంచుల్లోంచి రంగు పోగులు లాగి వాడారు. ఇంత పొదుపు చూస్తే తెలుగు బొంత దుబారాగా కనిపిస్తుంది.

బొంత పరిచి ఉన్నన్నాళ్లూ ఇంట్లోవాళ్లు గోడ పక్కనుంచి నడవాలి. పిల్లలు దాని మీదే హోంవర్కు చేస్తారు, పిల్లి దాని మీదే నిద్రపోతుంది. పిల్లిని కలిపి కుట్టిన దాఖలాలు లేవు గానీ, పరుపు మీది దుప్పటిని కలిపి కుట్టేసిన సంగతులు ఉన్నాయి.

కోతలో మిగిలిన గుడ్డపేలికలతో అలంకారాల విభాగం మొదలవుతుంది. ఇందులో అగ్రస్థానం గుమ్మానికి వేలాడే చిలకలది. ఆకు ఆకారంలో రెండు పచ్చ ముక్కలు కోసి, మంచివైపులు లోపలికి ఉండేలా ఎదురెదురుగా పెట్టి, వేలు పట్టేంత సందు వదిలి చుట్టూ కుట్టాలి. వంపుల దగ్గర కత్తెరతో చిన్న గాట్లు పెట్టకపోతే తిరగేశాక చిలక మెడ ముడతలు పడి ముసలిదైపోతుంది. సందులోంచి తిరగేసి, బూరుగుదూదో సన్నగా తరిగిన పేలికలో కూరి మూసేయాలి. ఎర్రగుడ్డ ముక్కు, నల్లపూస కన్ను. దూది ఎక్కువైతే పావురం, తక్కువైతే జబ్బుచిలక. మొదటిసారి కుట్టినవి ఎక్కువగా కోడిపిల్లలవుతాయి. వాటికీ గౌరవంగానే ముక్కు కుడతారు. అయిదేసి పక్షుల్ని పూసలతో దండ గుచ్చి, కింద మువ్వ కట్టి, పొడుగాటి చుట్టాల నుదురు తగిలే ఎత్తులో వేలాడదీస్తారు. మామిడాకు తోరణం పండగ పోగానే ఎండి రాలిపోతుంది. గుడ్డ చిలక రాలదు, దుమ్ము పట్టి ఊరపిచ్చుకగా మారి అక్కడే ఉంటుంది. గుడ్డ పువ్వులు ఇంతకన్నా సులువు. గుండ్రటి ముక్క అంచు చుట్టూ కుట్టి దారం లాగితే కుచ్చులు వచ్చి పువ్వవుతుంది, కావలసిన పువ్వుకు రెట్టింపు వెడల్పు గుడ్డ తీసుకుంటే సరి.

వస్తువులకు గౌన్లు కుట్టడం ఈ కళ చివరి దశ. ఇంట్లో నిలబడ్డ దేన్నీ బట్టలేకుండా చూడలేని స్వభావం దీనికి మూలం. మిక్సీకి ముసుగు, ఫ్రిజ్జు పిడికి తొడుగు, టీవీ నెత్తిన అంచుల గుడ్డ. పలచటి టీవీలు గోడకెక్కాక వాటికి నెత్తే లేకుండా పోయి ఒక శాఖ పూర్తిగా మూతపడింది. గ్యాసు సిలిండరు గౌను మాత్రం నిలదొక్కుకుంది. 14.2 కిలోల గ్యాసు మోసే ఇనుప బుడ్డికి నడుం దగ్గర కుచ్చులు రావాలంటే దాని చుట్టుకొలతకు ఒకటిన్నర రెట్లు గుడ్డ పడుతుంది. నిండుబండ వచ్చిన రోజు ఖాళీబండ గౌను విప్పి వెళ్లిపోతుంది, కొత్తది వేసుకుంటుంది. ఇది చూడటానికి ముచ్చటగా ఉన్నా మంచిది కాదు. పొయ్యి మంట పక్కన నూలు కుచ్చులు పెట్టకూడదు, రబ్బరు గొట్టం పగుళ్లు గౌను చాటున కనబడవు. సిలిండరును దాని మానాన వదిలేయడమే మేలు.

ఖర్చు లెక్క వేస్తే బొంత గెలవదు. షోలాపూర్ దుప్పటి కొనుక్కోవడమే చవక, అక్కడ నేసినవాళ్లలోనూ చాలామంది తెలుగు పద్మశాలీలే. కానీ బొంతల భవిష్యత్తు చెప్పలేం. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పనిబట్టలతో చలికి కుట్టుకున్న బొంతల్ని 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియం గోడలకు తగిలించి చూపింది. 2006లో అవి తపాలా బిళ్లల మీదికెక్కాయి. అదే హ్యూస్టన్‌కు కూతుళ్ల పురుళ్లకు వెళ్లే తెలుగు అమ్మమ్మలు 23 కిలోల పెట్టెల్లో బొంతలు మోసుకెళుతూనే ఉన్నారు. దారిలో వాటి పని ఆవకాయ సీసాలు పగలకుండా చూడటం, దిగాక పసిబిడ్డకు మెత్తటి పక్క కావడం. మ్యూజియంవాళ్లు వచ్చి అడిగినా, బిడ్డ లేచేదాకా ఆగమంటారు.

కుట్టడం పూర్తయిన బొంతను పరిచేముందు అన్ని మూలలా అరచేత్తో నిమిరి చూసుకోండి, వీలైతే అయస్కాంతం కూడా తిప్పండి. తీసిన సూదుల లెక్కా పెట్టెలో చేరిన సూదుల లెక్కా సరిపోయేదాకా దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వకండి, కొత్త అల్లుడైనా సరే.