‘దో కా చార్’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: దో కా చార్, దో కా చార్, దో కా చార్.

అవతారిక: ఈ సూత్రానికి ఋషి గళ్ల చొక్కావాడు. దేవత లక్ష్మి. ఛందస్సు నడక. ఆదివారం మ్యాట్నీ కాలమందు వినియోగం. సికింద్రాబాదులో మా పేట టాకీసు ముందర, పాన్‌డబ్బా నీడలో, ఎవరి మొహమూ చూడకుండా, పెదవి కదిపీ కదపకుండా ఆయన దీన్ని జపించేవాడు. పక్కనుంచి పోయేవాడికి వినపడేది, పది అడుగుల అవతల నిలబడ్డ పోలీసు జవానుకు వినపడేది కాదు. శబ్దశాస్త్రంలో ఇంతకు మించిన పట్టు నేనెక్కడా చూడలేదు. టాకీసు పేరు మాత్రం అడక్కండి. బ్లాకు టికెట్ల ముచ్చటలోకి హాలును ఈడ్వడం మర్యాద కాదు.

ప్రతిపదార్థం: దో = రెండు రూపాయలని అచ్చయినట్టి; కా = యొక్క; చార్ = నాలుగు రూపాయలకు. ‘టికెట్టు’ అన్న ముఖ్యమైన మాట మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. ఇది కవి మరుపు కాదు. రేపు ఠాణాలో నిలబెడితే “నేను టికెట్టన్న మాటే అనలేదు సార్” అనడానికి ఉంచుకున్న సందు.

వ్యాకరణ విశేషం: తెలుగులో ‘రెండు యొక్క నాలుగు’ అంటే పిచ్చివాడి మాట. దక్కనీలో అదే శాస్త్రం. సికందర్ జా పేరిట 1806లో ఈ ఊరు కంటోన్మెంటుగా వెలిసిన నాటినుంచి ఇక్కడ ఎవరూ ఒక్క భాషలో బతకలేదు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, రైల్వే క్వార్టర్లలో ఇంగ్లీషు, బజార్లో దక్కనీ. టాకీసు ముందర మాత్రం అందరికీ షష్ఠీ విభక్తి ఒక్కటే.

శ్లేష: ‘దో కా’ను కలిపి ఒక్క ఊపులో అంటే ‘దోఖా’ వినిపిస్తుంది. మోసం! మా బడి ఉర్దూ సారు దీన్ని పట్టి, “వాడు నిజాయితీపరుడురా, చేసేది చెప్పే చేస్తుండు” అన్నారు. ‘దోఖా చార్’ అన్నప్పుడు మోసాలు నాలుగు ఉండాలి. మేము వెతికితే మూడే దొరికినయి.

పూర్వపక్షం: సొంత వైదుష్యం గురించి ఇక్కడ చెప్పుకోక తప్పదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అన్న, నేను, అమ్మ ఇచ్చిన ఐదు రూపాయల నోటు. కుర్చీ టికెట్లు రెండు, మిగిలిన రూపాయికి ఉల్లిగడ్డ సమోసాలు: ఇదీ బడ్జెట్టు. బుకింగ్ కిటికీ అంటే గోడలో పిడికిలి పట్టే బొక్క. దాని దాకా పోవడానికి ఇనుప కడ్డీల సందు. ఆ సందులో ముందువాడి చెమట మన చొక్కాకు, మన చెమట వెనకవాడికి. నా చెయ్యి సగం బొక్కలో ఉండగానే లోపల చెక్క తలుపు టప్పున పడింది. వేళ్లు దక్కినయి, టికెట్లు దక్కలేదు. ఆడవాళ్ల లైను దగ్గరికి పోయి “అక్కా, రెండు టికెట్లు తీస్తవా” అని ఒకామెను బతిమాలాం. ఆమె చేతిలో అప్పటికే ఊరివాళ్లవి ఏడు నోట్లున్నయి.

అప్పుడు వినిపించింది సూత్రం. నా వ్యాఖ్యానం క్షణంలో తయారైంది: రెండు రూపాయలకు నాలుగు టికెట్లు. కిటికీలో కంటే చవక! రెండు మేముంచుకుని, రెండు అమ్ముకుంటే సమోసాలకు కొదవేముంది? పోయి గళ్ల చొక్కా ముందర నోటు చాచి, “నాలుగియ్యి, మూడు రూపాయలు వాపసియ్యి” అన్నాను. ఋషి జపం ఆపాడు. వక్క నమలడం కూడా ఆపాడు. “క్యా బోల్రా రే” అన్నాడు, అన్న వైపు తిరిగి. అన్న నా చెవి పట్టుకుని పక్కకు లాగి సిద్ధాంతం చెప్పాడు. సిద్ధాంతం ఎర్రగా రెండు రోజులుంది.

పాఠాంతరాలు: ఈ సూత్రం స్థిరపాఠం కాదు. ఇది కనిపెట్టింది మా అన్న. “ఆగు, దిగుతది” అని అరుగు మీద కూర్చోబెట్టాడు. గంట మోగింది. లోపల న్యూస్ రీలు మొదలైంది. 1948లో పుట్టిన ఫిల్మ్స్ డివిజన్ వారి రీలు వేయకుండా ఏ హాలువాడూ అసలు బొమ్మ వేయడానికి వీల్లేని రోజులవి. లోపలివాళ్లు ఆవులించే ఆ పది నిమిషాలూ మాలాంటివాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన గడువు. అది కాగానే ‘దో కా తీన్’ అన్న పాఠం వినవచ్చింది. పేర్లు పడుతున్నట్టు వాయిద్యాలు మోగగానే ‘దో కా ఢాయీ’. మొదటి పాట తలుపుల సందుల్లోంచి వచ్చి అయిపోయాక, ఋషి మా ముందుకే వచ్చి, గొంతు తగ్గించి, ‘దో కా దో’ అన్నాడు.

టికెట్ల వంక చూశాను. గాలిపటం కాగితమంత పల్చని గులాబీ కాగితం, వంకరగా పడ్డ తేదీ ముద్ర, ఋషి వేలి సున్నం మరక. గేటు దగ్గర సగం చింపి లోపలికి తోశారు.

లెక్క: 35 మిల్లీమీటర్ల ఫిలిం సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషానికి 90 అడుగులు పోతుంది. అసలు సినిమాలో ఇరవై నిమిషాలు పోయినయి. అంటే నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి మేమిద్దరం 1800 అడుగుల కథ చెల్లించాం. అన్న దాన్ని ఈనాటికీ లాభమే అంటాడు.

లక్షణ: ఆలంకారికులు ‘గంగలో పల్లె’ అంటే గంగ ఒడ్డున పల్లె అని చెప్పుకుంటారు. మా ఊళ్లో లక్షణ ఇంకా ముదిరింది. సంగీత్ థియేటర్ పోయింది, ఆటోవాడు మాత్రం “సంగీత్ చౌరస్తా” అనగానే మీటరు వేస్తాడు. ప్యారడైజ్ మొదట సినిమా హాలు. ఆ పేరు 1953లో పక్కన వెలిసిన కేఫుకు, అక్కణ్ణుంచి బిర్యానీకి, 2017లో మెట్రో స్టేషనుకు అంటుకుంది. మొదటి అర్థాన్ని పూర్తిగా వదిలేస్తే జహల్లక్షణ అంటారు. పక్కనే మెతుకుసీమలో, కొల్చారంలో, టీకాకారుడు మల్లినాథసూరి పుట్టాడు. ఆధారం లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ప్యారడైజ్ స్టేషన్లో దిగి సినిమా హాలేదని అడిగితే ఆయనకు బిర్యానీ పెట్టి పంపేవారు.

తాత్పర్యం: రెండు రూపాయల టికెట్టు నాలుగు రూపాయలు.

గ్రంథపాతం: మేము చీకట్లో తడుముకుంటూ, టార్చిలైటు వెంట, జనం మోకాళ్లు తొక్కుతూ కుర్చీలు పట్టేసరికి తెరమీద ఒక చిలక ఏడుస్తున్నది. ఆ చిలక రాకుమారుడని పక్కాయన చెప్పాడు. చిలక ఎందుకయ్యాడంటే, “ముందే రావాలె” అన్నాడు. కారణం మొదటి 1800 అడుగుల్లో ఉంది. అన్నను అడిగితే ముని శాపమన్నాడొకసారి, సవతి తల్లి పని అన్నాడు ఇంకోసారి. మొన్న పండగకు వచ్చినప్పుడు మళ్లీ అడిగాను. అరచేతిలో వక్క నలుపుకుంటూ కాసేపు ఆలోచించి, “వాడే అడిగి అయిండు రా” అన్నాడు.