ఖాళీ సమాధికి ఫుల్ డెకరేషన్

మట్టల ఆదివారం ఆరాధన ముగిసి, ఈతమట్టలు ఇంకా చేతుల్లో ఉండగానే సెక్రటరీ గారు ప్రకటనల కోసం మైకు అందుకుంటారు. మొదటి ప్రకటన శుక్రవారం జరిగే ఏడు మాటల ఆరాధన గురించి. రెండోది ఈస్టర్ స్టేజి డెకరేషన్ గురించి. మొదటిదానికి ఒక ముక్క, రెండోదానికి పావుగంట. నిజమే, సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఖర్చేముంది? చెప్పడానికి ఏడుగురు ఉన్నారు, తాగడానికి మజ్జిగ ఉంది. స్టేజి సంగతి అలా కాదు. "పోయినేడు పక్క సంఘంవాళ్ళు ఎల్ఈడీ వాల్ పెట్టారు. మనమేమో కర్టెన్ కట్టి ఊరుకున్నాం" అనేటప్పుడు సెక్రటరీ గారి గొంతు వణుకుతుంది. కల్వరి కొండ గురించి చెప్పేటప్పుడు కూడా ఆ గొంతు అంతగా వణకగా ఎవరూ వినలేదు.

ఇంతకీ ఈ పండుగలో అసలు సంగతి ఏమిటి? సమాధి ఖాళీగా ఉంది. అంతే. యేసు లేస్తుండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురిలో ఒక్కరూ ఆ క్షణాన్ని వర్ణించే సాహసం చేయలేదు. ఆడవాళ్ళు వచ్చేసరికి రాయి పక్కకు పొర్లి ఉంది, లోపల మనిషి లేడు. చూడ్డానికి ఏమీ లేకపోవడం మీదే రెండువేల ఏళ్ళుగా ఈ విశ్వాసం నిలబడింది. మన డెకరేషన్ కమిటీకి మింగుడుపడనిది ఆ ఒక్క సంగతే. ఏమీ లేకపోతే యూట్యూబ్ లైవ్‌లో ఏం చూపించాలి?

అందుకని శనివారం రాత్రి సమాధి కడతారు. తెలియనివాళ్ళ కోసం ఆ నిర్మాణ పద్ధతి కాస్త చెబుతాను. షామియానా వాళ్ళ దగ్గర వెదురు గడలు తెచ్చి గుహలాగా వంచి కడతారు. తీరిక ఉన్నవాళ్ళు దానిమీద గోనె పట్టాలు కప్పి సిమెంటు నీళ్ళు కొడతారు. తీరిక లేనివాళ్ళు, అంటే దాదాపు అందరూ, థర్మోకోల్ షీట్లు కోసి అతికిస్తారు. రాతి రంగు రావాలి కాబట్టి బూడిదరంగు స్ప్రే డబ్బా తెస్తారు. ప్రతి ఏటా సూచక క్రియ జరిగేది ఇక్కడే. స్ప్రేలో ఉండే ద్రావకం తగలగానే థర్మోకోల్ బుసబుస కరిగిపోతుంది. రాత్రి పదకొండు గంటలకు, కుర్రాళ్ళు చూస్తుండగానే, అరిమతయి యోసేపు తొలిపించిన కొత్త సమాధికి గుంటలు పడతాయి. ముందు డిస్టెంపరు పూత వేసుకోండిరా అని పెయింటింగ్ పని చేసే సంఘ సభ్యుడు ఎవరో చెప్పే ఉంటాడు. ఆయన స్టేజి కమిటీలో లేడు కనుక ఎవరూ వినరు. చివరికి, గుంటలుంటేనే రాయి సహజంగా ఉందని కమిటీ తీర్మానిస్తుంది.

ఇంకో చిన్న సంగతి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్ ఉంది. బుడగలకు తగిలించే ప్లాస్టిక్ పుల్లలు ఉన్నాయి. వంద మైక్రాన్లకన్నా పలచనైన పీవీసీ బ్యానర్లు ఉన్నాయి. ఆ జాబితా రాసిన అధికారి ఎవరో మన ఈస్టర్ స్టేజికి ఎదురుగా కూర్చుని రాసినట్టున్నాడు. పిలాతు కాలంలో ముద్ర వేసిన సమాధిని తెరవడం నేరం. మన కాలంలో సమాధి కట్టడమే నేరం.

రాయి దగ్గరకు వద్దాం. యెరూషలేము చుట్టుపక్కల బయటపడిన ఆ కాలపు సమాధుల్లో ఎక్కువ వాటికి నలుచదరపు రాయే మూత. చక్రంలా దొర్లే గుండ్రాయి బాగా కలిగినవాళ్ళ సమాధులకే ఉండేది. యోసేపు ధనవంతుడని మత్తయి రాశాడు కాబట్టి గుండ్రాయికి పాసు మార్కులు వేసేద్దాం. అయితే సువార్తలో రాయిని దొర్లించింది దేవదూత. మన దగ్గర నైలాన్ దారం పట్టుకుని కర్టెన్ వెనక నక్కి కూర్చున్న ఇంటర్ కుర్రాడు. కీబోర్డు వాయించే తమ్ముడు సౌండ్ ఇస్తాడు, లైట్లు ఆరతాయి, పొగ మిషన్ బుస్సుమంటుంది, ముందు వరుసలో మామ్మగార్లకు దగ్గు అందుకుంటుంది. మత్తయి భూకంపం అన్నాడు, మెరుపు అన్నాడు. పొగ అని మాత్రం ఎవరూ అనలేదు. ఈ పొగ ఏ సువార్తలోది అని అడిగితే, అది మెగా చర్చిల వీడియోల నుంచి వచ్చిందని యూత్ లీడరు నిజాయితీగానే చెబుతాడు.

దేవదూతల లెక్క మరీ సరదా. మార్కు తెల్లని వస్త్రం వేసుకున్న ఒక పడుచువాణ్ణి చూపించాడు. లూకా ఇద్దరు మనుషులన్నాడు. మత్తయికి ఒక దూత, యోహానుకు ఇద్దరు. పండితులు దీనిమీద పెద్ద పెద్ద గ్రంథాలే రాశారు. మన సంఘంలో ఈ చిక్కుముడి ఎప్పుడో విడిపోయింది. సంఘ పెద్దలకు ఎంతమంది మనవరాళ్ళుంటే అంతమంది దూతలు. అందరికీ ఫ్యాన్సీ షాపు రెక్కలు. ఆ ఉదయపు కథలో ఏ సువార్తికుడూ రెక్కల ఊసు ఎత్తలేదని చెబితే పిల్లల తల్లులు మనతో మాట్లాడడం మానేస్తారు. కాబట్టి నేనూ ఇంతటితో ఆపుతున్నాను.

పూల సంగతైనా అడగాలి. ఈస్టర్ లిల్లీ అనే తెల్లపూవు జపాను దక్షిణ దీవుల్లో పుట్టి, అమెరికా చర్చిల్లో పండుగ పూవుగా స్థిరపడింది. దాని ప్లాస్టిక్ నకలు మన బలిపీఠం మీదికి ఎక్కింది. ఈస్టర్ ఎటు తిరిగినా మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్యనే వస్తుంది. మన నేలమీద అది మల్లెల కాలం. మైలవరం తోటల్లో మొగ్గలు కోసే చేతులకు తీరిక ఉండదు. చర్చి గేటు బయట మూరల్లెక్కన మల్లెపూలు అమ్మే అవ్వ కూర్చుని ఉంటుంది. ఆమెను దాటుకుని లోపలికెళ్ళి, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ లిల్లీలను తడిగుడ్డతో తుడిచి పెడతాం. అవి పోయినేడువి. వాటికి వాడిపోయే బాధ లేదు. పునరుత్థానంతో వాటికి అవసరమూ లేదు.

ఇక వెనకాల కట్టే ఫ్లెక్సీ. అందులో ఎడమ పక్క దైవసేవకుడు గారు, కుడి పక్క పాస్టరమ్మ గారు, కింద ముఖ్య ప్రసంగీకులు, ఇంకా కింద దాతలు. మృత్యుంజయుడికి పైన మూలన పాస్‌పోర్టు సైజులో చోటు దొరుకుతుంది. శనివారం సాయంత్రం ఎక్కడో రిసెప్షన్ చేసిన డెకరేటరే మనకూ పని చేస్తే, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చున్న ఎర్ర వెల్వెట్ కుర్చీలు ఆదివారం మన వేదిక మీదికి వస్తాయి. తెరిచిన సమాధి పక్కన ఆ కుర్చీలు వేసుకుని పెద్దలు కూర్చుంటే, వచ్చినవాళ్ళు ఎవరికి శుభాకాంక్షలు చెప్పాలో తేల్చుకోలేకపోతారు.

ఆ కుర్చీల్లో ఆడవాళ్ళెవరూ ఉండరు. ఇది నవ్వులాట కాదు. చీకటి ఇంకా విడకముందే సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వెళ్ళింది ఆడవాళ్ళు. ఖాళీ సమాధిని మొదట చూసింది వాళ్ళు, మొదట చెప్పింది వాళ్ళు. వాళ్ళు చెప్పింది వెర్రిమాటలుగా తోచి అపొస్తలులు నమ్మలేదని లూకా దాచుకోకుండా రాశాడు. 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల డయోసిస్‌కు బిషప్ అయి, దక్షిణ ఇండియా సంఘంలోనే మొదటి మహిళా బిషప్‌గా నిలిచారు. ఆ తర్వాత కూడా ఎన్నో సంఘాల్లో ఈస్టర్ నాడు స్త్రీల సమాజానికి దక్కే పని స్టేజి ఊడవడం, పూలు గుచ్చడం, టిఫిన్లు వడ్డించడం. మగ్దలేనే మరియ వేషం మాత్రం ఇస్తారు. దానికి డైలాగులు ముందే రికార్డు చేసి ఉంటాయి.

ఇదంతా ఎక్కడైనా నోరు జారి అన్నామా, కమిటీ దగ్గర బ్రహ్మాస్త్రం సిద్ధంగా ఉంటుంది. బేతనియలో ఒకామె ఖరీదైన జటామాంసి అత్తరు యేసు మీద పోస్తే, దాన్ని మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వచ్చుగా అన్నది ఎవరు? ఇస్కరియోతు యూదా. కాబట్టి డెకరేషన్ ఖర్చు గురించి అడిగినవాడు యూదా. లెక్క అడిగినవాడు పెద్ద యూదా. ఈ దెబ్బతో నోళ్ళన్నీ మూతపడతాయి. కానీ అదే కథను ఇంకొక్కసారి చదవండి. ఆ అత్తరు ఆమె సొంతం. రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, పాచిపనికి పోయే అక్క దగ్గర కూడా అయిదువందలు రాయించి కొన్నది కాదు. తానే తెచ్చింది, తానే పోసింది. యోహాను ఆమె పేరు మరియ అని చెప్పాడు, మార్కు ఆ పేరు కూడా రాయలేదు. ఫ్లెక్సీ మీద పేరు పడలేదని ఆమె అలిగినట్టు ఎక్కడా లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె అత్తరు పోసింది ప్రాణమున్న మనిషి మీద. థర్మోకోల్ మీద కాదు. ఇక యూదా అంటారా, సంచి అతని దగ్గర ఉండేదనీ, అందులో వేసినవి కాజేసేవాడనీ యోహానే రాశాడు. సంచి ఎవరి దగ్గరుందో, యూదా అనే మాట ఎవరికి సరిపోతుందో కమిటీవాళ్ళే నెమ్మదిగా ఆలోచించుకోవాలి.

అలంకారమే తప్పని నా వాదన కాదు. సమాధిని ఆరాధనలో చూపించడం కూడా కొత్తేమీ కాదు. పదో శతాబ్దంలో, సుమారు 970 ప్రాంతాన, ఇంగ్లండులో వించెస్టర్ బిషప్ ఎథెల్‌వోల్డ్ మఠాల కోసం ఒక నియమావళి కూర్చాడు. ఈస్టర్ తెల్లవారుజామున ఏం చేయాలో అందులో ఉంది. తెల్ల అంగీ వేసుకున్న ఒక సన్యాసి చప్పుడు చేయకుండా వెళ్ళి సమాధి స్థానం దగ్గర కూర్చుంటాడు. ముగ్గురు ధూపపాత్రలు పట్టుకుని దేన్నో వెతుకుతున్నట్టు తడబడుతూ వస్తారు. ఎవరిని వెతుకుతున్నారని అతను అడుగుతాడు, వాళ్ళు చెబుతారు. అతను చోటు చూపిస్తాడు. అక్కడ ఒక నారబట్ట తప్ప ఏమీ లేదు. ఆ బట్ట ఎత్తి అందరికీ చూపిస్తారు, గంటలు మోగుతాయి. నలుగురు మనుషులు, ఒక బట్ట. ఐరోపాలో నాటకం మళ్ళీ ప్రాణం పోసుకున్నది ఇలాంటి చోటేనని నాటక చరిత్రకారులు చాలామంది చెబుతారు. వాళ్ళకు నైలాన్ దారం అవసరం రాలేదు.

మన మెదక్ కెథెడ్రల్ చూడండి. చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ 1914లో మొదలుపెట్టించాడు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. జననం, సిలువ, ఆరోహణం. ఎండ పడితేనే ఆ బొమ్మలు వెలుగుతాయి, పొద్దుగూకితే మాయమవుతాయి. జనరేటరు అక్కర్లేదు. ఖాళీ సమాధికి మాత్రం ఆ మూడింటిలో కిటికీయే లేదు. ఎందుకు వదిలేశారో నాకు తెలియదు. నాకైతే ఆ వదిలేయడమే నచ్చింది.

అసలు ఈస్టర్‌కు లైటింగు పైనుంచే వస్తుంది. వసంతంలో పున్నమి దాటిన ఆదివారమే ఈస్టర్ కాబట్టి, ఆ తెల్లవారుజామున ఆకాశంలో ఇంకా చందమామ ఉంటాడు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల ఊళ్ళలో ఆ వెలుతుర్లోనే జనం సమాధుల తోటకు నడుస్తారు. ముందురోజు సున్నం కొట్టిన తల్లిదండ్రుల సమాధుల మీద పూలు పెట్టి, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డుపెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. లేస్తారన్న ఆశతో పడుకోబెట్టినవాళ్ళు అక్కడున్నారు. ఆ తోటలు చాలావాటికి ప్రహరీ లేదు, దారి లేదు, తుమ్మచెట్లు మొలిచి రాళ్ళు కదిలిపోయాయి. దళితపేటల వాళ్ళకైతే పాతిపెట్టడానికి సెంటు జాగా కోసం ఇంకా అర్జీలు పెట్టుకోవాల్సి వస్తోంది. మనమేమో ఎవరినీ పాతిపెట్టని సమాధికి పండుగ పండుగకూ వేలు పోసి, సోమవారం ఉదయం మున్సిపాలిటీ బండిలోకి ఎత్తిస్తున్నాం.

డెకరేషన్ కమిటీ అన్నలూ, ఒక్క మనవి. ఈసారి శనివారం రాత్రి మీ కుర్రాళ్ళలో సగం మందికి పారలూ బకెట్లూ ఇచ్చి సమాధుల తోటకు పంపండి. పెయింటింగ్ పని తెలిసిన ఆ సభ్యుణ్ణి కూడా వెంట పంపండి, ఈసారి ఆయన మాట వినండి. థర్మోకోల్ ఎలాగూ నిషిద్ధం. సున్నానికి ఇంకా నిషేధం లేదు.