ప్రశ్న ఉత్పన్నం కాదు

పార్లమెంటులో అరుపులు తప్ప ఇంకేమీ ఉండవనేవాళ్ళని మా మామగారు మనుషుల్లో జమకట్టరు. "వాళ్ళు రాత్రి తొమ్మిది గంటల వార్తలు చూసే బాపతమ్మా" అంటారు. ఆయన చూసేది సంసద్ టీవీ. సమావేశాల రోజుల్లో స్నానం, పూజ, ఉప్మా అన్నీ ముగించుకుని, కళ్ళజోడు పంచె అంచుతో తుడుచుకుని, పదకొండుకి ఐదు నిమిషాల ముందే పడక్కుర్చీలో ఆసీనులవుతారు. లోక్‌సభలో కోరం ఉన్నా లేకపోయినా మా హాల్లో ఉంటుంది.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. శాఖ పేరు రాయొద్దన్నారు, పెన్షను మీద మమకారంతో. అక్కడ ఆయన పనితనమంతా ఎల్‌ఏక్యూల మీదే. అసెంబ్లీలో ఎవరో ఎమ్మెల్యే ఓ ప్రశ్న వేస్తే, దాని జవాబు కోసం హైదరాబాదు నుంచి జిల్లాకి, జిల్లా నుంచి డివిజనుకి, అక్కణ్ణుంచి మండలానికి దొర్లుకుంటూ వచ్చే కాగితాన్ని ఆఫీసుల్లో ఎల్‌ఏక్యూ అంటారు. అది దిగిందంటే మిగతా ఫైళ్ళన్నీ మూతపడతాయి, సెలవులు రద్దవుతాయి, అంతవరకూ ఎవరికీ కనపడని పాత రిజిస్టరు బీరువా మీంచి దూకుతుంది. జవాబు తయారయ్యాక స్పెషల్ మెసెంజరు దాన్ని చంకలో పెట్టుకుని రాత్రి బస్సెక్కుతాడు. పార్లమెంటు ప్రశ్నదీ ఇదే దారి, మజిలీలే ఎక్కువ. ఢిల్లీలో అడిగిన ప్రశ్నకి చివరికి చెమటపట్టేది ఏ మారుమూల ఆఫీసులోనో కూర్చున్న గుమాస్తాకి.

అందుకే మంత్రిగారు లేచి జవాబు చదువుతుంటే మామగారు మంత్రి మొహం చూడరు. కళ్ళు మూసుకుని, త్యాగరాజ ఉత్సవాల్లో ముందు వరసలో కూర్చున్న రసికుడిలా తలాడిస్తూ వింటారు. మధ్యలో ఎక్కడో "ఆహా" అంటారు. ఆ ఆహా మంత్రికి కాదు, డ్రాఫ్టుకి.

తెలియని మనలాంటివాళ్ళకి ఆ రసం అందాలంటే కొంచెం శాస్త్రం తెలియాలి. లోక్‌సభలో ప్రశ్నలు రెండు ముఖ్యమైన జాతులు. నక్షత్రం గుర్తున్నవాటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, ఇవి రోజుకి 20. గుర్తు లేనివాటికి కాగితం మీద జవాబిస్తే చాలు, ఇవి 230. మొదటి జాబితా ఆకుపచ్చ కాగితం మీద, రెండోది తెల్ల కాగితం మీద అచ్చవుతాయి. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ఎవరి ప్రశ్న ముందొస్తుందో లాటరీ తీసి తేలుస్తారు. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. వాదనలు, నిందలు, వ్యంగ్యం ఉండకూడదని నిబంధనల్లోనే రాసి ఉంది. హాస్య వ్యాసాలు రాసేవాళ్ళకి ఏ పార్టీ కూడా టిక్కెట్టు ఎందుకివ్వదో నాకు ఆ నిబంధన చదివాకే అర్థమైంది.

ప్రశ్న కట్టే పద్ధతి మాత్రం అసెంబ్లీకైనా పార్లమెంటుకైనా ఒకటే. (అ) ఫలానా వంతెన బీటలు వారిన మాట వాస్తవమేనా? (ఆ) అయితే, ఆ వివరాలేమిటి? (ఇ) కాకపోతే, కారణాలేమిటి? (ఈ) ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి? మూడోదాన్ని ఇంకోసారి చదవండి. వంతెన బీటలు వారకపోతే, ఎందుకు వారలేదో ప్రభుత్వం సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఇన్నేళ్ళుగా ఇంతమంది సభ్యులు ఈ (ఇ)ని వదలకుండా అడుగుతూనే ఉన్నారు. దానికి ఏ ప్రభుత్వమూ సిమెంటు బాగా కలిపామని జవాబిచ్చిన దాఖలా మామగారి ఎరికలో లేదు.

ఇక జవాబు. మామగారి లెక్కలో జవాబులు నాలుగు మెట్లు. అన్నిటికంటే కిందది "అవునండి" అని ఒప్పేసుకోవడం. కొత్తగా చేరిన కుర్రాళ్ళు రాస్తారట అలాంటివి, రెండో ఎల్‌ఏక్యూ నాటికి మానేస్తారట. దాని పైమెట్టు "వివరణ పత్రాన్ని సభ ముందు ఉంచడమైనది". అంటే అడిగినదానికి తప్ప అన్నిటికీ అందులో అంకెలుంటాయన్నమాట. ఆపైన "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం". అన్నిటికంటే పైన, శిఖరం మీద, ఆ నాలుగు మాటలు: (అ) లేదండి. (ఆ) నుంచి (ఈ) వరకు: ప్రశ్న ఉత్పన్నం కాదు. "నూటయాభై పదాలు వాడు రాస్తే నాలుగు పదాల్లో చుట్టి ఇవ్వాలమ్మా. అదీ సర్వీసంటే" అంటారు.

అయితే నక్షత్రం ప్రశ్నకి ఆ నాలుగు మాటలతో తెమలదు. అనుబంధ ప్రశ్నలుంటాయి. అడిగిన సభ్యుడు రెండు వేసుకోవచ్చు, తరవాత స్పీకరు దయతలిస్తే మిగతావాళ్ళు. మంత్రిగారి ముందు ఫైలుంటుంది, అందులో "సప్లిమెంటరీలకు నోట్" అని ఓ కట్ట ఉంటుంది. రాబోయే ప్రశ్నలన్నీ ఊహించి గుమాస్తాలు ముందే రాసిపెట్టిన జవాబులవి. ఊహకందనిది ఎవరైనా అడిగారో, అధికారుల గ్యాలరీ నుంచి చీటీలు బయలుదేరతాయి. చీటీ వచ్చేదాకా మంత్రిగారు గౌరవ సభ్యుడి అనుభవాన్నీ, ఆయన నియోజకవర్గ ప్రజల చైతన్యాన్నీ కొనియాడుతూ ఉంటారు. కెమెరా ఆ గ్యాలరీ వైపు తిరగదని మామగారి బాధ. అసలు ఆట అక్కడుంటే బంతిని చూపించకుండా ప్రేక్షకుల్ని చూపిస్తున్నారంటారు.

ఇరవై ప్రశ్నల్లో గంటకి అయిదారు తెమిలితే గొప్ప. పన్నెండు కొట్టేసరికి మిగిలినవాటికీ రాతపూర్వక జవాబిచ్చినట్టే లెక్క. పదమూడో ప్రశ్నకి జవాబు రాసిన గుమాస్తా ఎక్కడో ఊపిరి పీల్చుకుంటూ ఉంటాడని మామగారికి తెలుసు కాబట్టి, సరిగ్గా పన్నెండుకి ఆయన కూడా పీలుస్తారు.

ఇదంతా కాగితాల భాగోతమేనని తీసిపారేస్తే ఆయనకి కోపమొస్తుంది. వెంటనే ముంధ్రా కేసు తీస్తారు. 1957లో జీవిత బీమా సంస్థ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు ఎందుకు కొన్నదని సభలో ఓ ప్రశ్న పడింది. వేసింది ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ సభ్యుడే అయిన రామ్ సుభగ్ సింగ్. దాన్ని పట్టుకుని లాగింది ఫిరోజ్ గాంధీ, అంటే సాక్షాత్తూ ప్రధానమంత్రి నెహ్రూ అల్లుడు. ప్రశ్న పెరిగి చర్చయింది, చర్చ విచారణ సంఘమయింది, 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇంత కథలో మా మామగారికి ఉన్న సందేహం ఒక్కటే. ఆ మొదటి జవాబు డ్రాఫ్టు చేసిన గుమాస్తా ఏమైపోయాడు? చరిత్రకారులెవరూ ఆ సంగతి పట్టించుకోలేదని ఆయనకి నొప్పి.

ప్రశ్నకి ఇంత విలువ ఉంది కాబట్టే దానికి రేటు కూడా పలికింది. డబ్బు పుచ్చుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్న సభ్యులు రహస్య కెమెరాకి చిక్కితే, 2005 డిసెంబరులో రెండు సభల నుంచీ కలిపి 11 మందిని బహిష్కరించారు. ఆ వార్త వచ్చినప్పుడు ఆయన అన్నమాట మా ఇంట్లో అందరికీ గుర్తు: "ప్రశ్న వేసినందుకే ఇంతిస్తే, జవాబు రాసినందుకు మాకెంత రావాలి?"

పన్నెండు తరవాత జీరో అవర్. ఈ గంట సంగతి సభా నియమాల పుస్తకంలో ఎక్కడా లేదు. 1960ల్లో మనవాళ్ళే పుట్టించి, అలా వాడుకలో నిలబెట్టేశారు. ఇక్కడ అత్తగారు కూడా కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటారు, ఎందుకంటే ఇందులో కథలుంటాయి. మా ఊళ్ళో ఫలానా రైలు ఆగడం లేదు, ఆపించండి. మా దగ్గర ఏనుగులు చేలల్లో పడుతున్నాయి. మా పసుపుకి ధర లేదు. సభ్యుడు నోరు తెరిచి, "అధ్యక్షా, తమరు నాకీ అవకాశమిచ్చినందుకు" అని మొదలెట్టి కృతజ్ఞతలు పూర్తిచేసేలోపే మైకు కట్టయిపోతుంది. మైకు కట్టయ్యాక కూడా పెదాలు కదులుతూనే ఉంటాయి. ఏ రైలో, ఏ స్టేషనో ఆ పెదాల్ని బట్టి చెప్పడంలో అత్తగారిని మించినవాళ్ళు లేరు.

తెలుగువాళ్ళు లేస్తే మాత్రం ఇంట్లో నిశ్శబ్దం. ఈ విషయంలో మన వాటా తక్కువేం కాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు సైకిలు తొక్కుకుంటూ పార్లమెంటుకి వెళ్ళిన సంగతి మామగారు ఇప్పటికీ నిన్న చూసినట్టు చెప్తారు. రాజ్యసభ అధ్యక్షస్థానంలో ఉండగా వెంకయ్యనాయుడుగారు 2017లో ఓ పని చేశారు. మంత్రులు కాగితాలు సభ ముందు పెట్టేటప్పుడు వలసపాలన నాటి అలవాటు కొద్దీ ఇంగ్లీషులో "వేడుకుంటున్నాను" అంటుంటే, మనం స్వతంత్రులం, వేడుకోనక్కర్లేదు, లేచి పెట్టండి చాలు అన్నారు. ఆయన ప్రాసల్ని అత్తగారు ఒక నోటుబుక్కులో రాసుకున్నారు కూడా. చిత్తూరు సభ్యుడు శివప్రసాద్‌గారైతే 2018లో ప్రత్యేక హోదా కోసం రోజుకో వేషంలో వచ్చేవారు. ఓ రోజు నారదుడు, ఇంకో రోజు హిట్లరు. ఎంత మంచి ప్రశ్నకీ రాని ఫొటో ఆ చిడతలకి వచ్చింది. మామగారు మొదట్లో విసుక్కున్నారు గానీ, నారదుణ్ణి చూశాక మెత్తబడ్డారు. ప్రశ్న అడిగి ఇద్దరి మధ్య నిప్పు పెట్టి చక్కా పోవడంలో నారదుణ్ణి మించిన పార్లమెంటేరియన్ లేడుగా అని.

ఇక అరుపులు. ఉండవని నేననను. 2014 ఫిబ్రవరిలో రాష్ట్ర విభజన బిల్లు రోజున మనవాళ్ళు పెప్పర్ స్ప్రే దాకా వెళ్ళారు. ఆ రోజు చూసినవాళ్ళకి అరుపులంటే చులకన. కానీ అరుపుల్లో నాకు నచ్చేది వాటి తరవాత జరిగే శుభ్రత. సభలో పది మంది గొంతు చించుకుని గంటసేపు అన్నదంతా మర్నాటి రికార్డులో ఒక్క మాటైపోతుంది: బ్రాకెట్లో "అంతరాయాలు". మిగిలిందేమైనా అసభ్యంగా ఉంటే స్పీకరు తీసేయిస్తారు. తీసేయించిన మాటల జాబితా లోక్‌సభ సచివాలయం అచ్చేస్తుంది కూడా. 2022లో వచ్చిన జాబితాలో మొసలి కన్నీరు, నాటకం, కపటం వంటి అర్థాలొచ్చే మాటలు కనిపించేసరికి పెద్ద గోలయింది. ఏ మాటనీ నిషేధించలేదు, సందర్భాన్ని బట్టి తొలగించినవే అవి అని స్పీకరు వివరణ ఇవ్వాల్సొచ్చింది. అంతకుముందు ఇంకో తమాషా. గాంధీ హంతకుడి ఇంటిపేరు ఎప్పట్నుంచో ఆ జాబితాలో ఉంది. 2014లో నాసిక్ నుంచి నెగ్గి వచ్చిన సభ్యుడి ఇంటిపేరూ గోడ్సేనే. ఆయన తన పేరు తాను చెప్పుకుంటేనే అసభ్యమయ్యే పరిస్థితి. నా ఇంటిపేరేం పాపం చేసిందని ఆయన ఉత్తరం రాసుకుంటే, 2015లో ఆ ఇంటిపేరుకి విముక్తి దొరికింది. ఇంటిపేరు మార్చుకోకుండా జాబితా మార్పించిన ఘనుడు.

భోజనం తరవాత బిల్లులు. దీని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే ఆ వేళకి మా హాల్లో కోరం పోయి గురక మిగులుతుంది. అక్కడా అంతంతే. సభలో పదో వంతు మంది, అంటే 55 మంది ఉంటేనే కోరం. ఎవరూ లెక్కపెట్టమని అడగనంతసేపూ అందరూ ఉన్నట్టే. అతి పెద్ద డబ్బు వ్యవహారాలకి అతి చిన్న సమయం పట్టడం కూడా ఇక్కడే చూడాలి. గిలెటిన్ అని ఒక పద్ధతి ఉంది, చర్చకి నోచుకోని శాఖల పద్దులన్నిటినీ ఒక్క వేటుకి ఆమోదించేయడం. 2018లో గొడవల మధ్య దేశం మొత్తం బడ్జెట్టు అరగంటలో అయిపోయింది. మా వీధి అపార్ట్‌మెంటువాళ్ళు లిఫ్టు రిపేరు మీద అంతకంటే ఎక్కువసేపు వాదించుకున్నారు. వారం విడిచి వారం శుక్రవారం మధ్యాహ్నం సభ్యులు సొంతంగా పెట్టే ప్రైవేటు బిల్లులకి. స్వాతంత్ర్యం వచ్చినప్పట్నుంచీ అలాంటివి చట్టాలైనవి 14, ఆఖరిది 1970లో. అయినా అలాంటి ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు కొత్త బిల్లు పట్టుకుని లేస్తూనే ఉంటారు. వాళ్ళని చూస్తే నాకు గౌరవం.

ఈ మధ్య మామగారికి ఓ ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ జవాబులు రాశాం, ఒక్క ప్రశ్న రాసి చూద్దామని. మా ఊరి రైలు గేటు దగ్గర ఫ్లైఓవరు పని మొదలై, స్తంభాలు లేచి, వాటి మీద రావిమొక్కలు కూడా లేచాయి. అందరూ తిట్టుకుంటూ కింద నించుని గేటు తెరిచేదాకా ఎదురుచూస్తారు. మామగారు తిట్టుకోలేదు. తెల్ల కాగితం తీసుకున్నారు. గుమాస్తా ఏయే దారుల్లో తప్పించుకుంటాడో ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు? ఒక్కొక్క దారే మూస్తూ వచ్చారు. సమాచారం సేకరిస్తున్నామనకుండా మంజూరు తేదీ, నంబరు తామే రాసేశారు. రాష్ట్రానిది బాధ్యత అనకుండా ఎవరి వాటా ఎంతో విడగొట్టి అడిగారు. పరిశీలనలో ఉందనకుండా, ఎవరి పరిశీలనలో, ఏ తేదీ నుంచి అని తగిలించారు. 150 పదాలు మించకుండా చెక్కారు. వ్యంగ్యం ఏమైనా దొర్లిందేమో చూడమని నా చేతికిచ్చారు. రావిమొక్కల మాట నేనే కొట్టేశాను. దాన్ని మా ఎంపీగారి పీఏకి అందజేస్తే, నక్షత్రం లేకుండా ఓ రోజు జాబితాలో వచ్చింది.

జవాబు వచ్చిన రోజున మనవడు ఫోనులో తీసి తాతకి చూపించాడు. ప్రశ్నలో మొదటి ముక్క, "(అ) ఫ్లైఓవరు పనులు నిలిచిపోయిన మాట వాస్తవమేనా?" జవాబు: "(అ) లేదండి. పనులు కొనసాగుతున్నాయి. (ఆ) నుంచి (ఈ) వరకు: ప్రశ్న ఉత్పన్నం కాదు."

మామగారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఇంకోసారి చదివారు. ఆయన బాధపడతారని మేమంతా గుడ్లప్పగించి చూస్తుంటే, మొహమంతా నవ్వయింది.

"చూశావా అమ్మాయ్, నిలిచిపోయిన అన్నాను! నత్తనడకన సాగుతున్న అని ఉండాల్సింది. పట్టేశాడు వెధవ!" అన్నారు. తరవాత అత్తగారిని కేకేసి, ఆ డ్రాఫ్టు రాసినవాడి అడ్రసు ఎలా సంపాదించాలో అడిగారు. వాడికో కార్డు రాయాలట.