అమలాపురం చేరిన ఒకే ఒక్క రైలు

కోనసీమవాడికి రైలంటే ఎదురొచ్చేది కాదు, ఎదురెళ్ళి ఎక్కేది. రాజోలు వాళ్ళు వశిష్ఠ దాటి నరసాపురంలోనో పాలకొల్లులోనో ఎక్కుతారు. కొత్తపేట వాళ్ళు రావులపాలెం మీదుగా రాజమండ్రి పోతారు. అమలాపురం వాళ్ళకి కాకినాడైనా రాజమండ్రైనా ముందు గోదారి దాటాలి. రాత్రి పది గంటల బండికి సాయంత్రం ఆరింటికే పెరుగన్నం మూట కట్టుకుని బయల్దేరే ఈ సీమలో, ఆ ఎదురుచూపుల్లోంచే ఒక రకం మనిషి పుట్టాడు. ఊళ్ళో ఆయన్ని రైలు బాబాయి అంటారు.

రైలు బాబాయి బ్యాంకులోనో, హైస్కూల్లోనో, సహకార సంఘంలోనో పనిచేసి రిటైరై ఉంటాడు. రైల్వేలో మాత్రం ఒక్కరోజూ చేసి ఉండడు. చేసినవాళ్ళకి ఈ పిచ్చి పట్టదు. పలకరిస్తే చాలు, మనిషి తెలిసిపోతాడు. "సాయంత్రం రండి" అనడు, "17.40కి రండి" అంటాడు. బస్సులో దిగిన చుట్టాన్ని "రైట్ టైమేనా?" అని అడుగుతాడు. భుజాన పచ్చ తువ్వాలుంటే మాట్లాడొచ్చనీ, ఎర్ర తువ్వాలుంటే గుమ్మంలోనే ఆగాలనీ పిన్నికి తెలుసు, పాలవాడికి తెలుసు, ఈమధ్య కరెంటు బిల్లు కొట్టే కుర్రాడికి కూడా తెలిసింది.

లోపల గదిలో ఆయన చేసే పని ఒక రైలు మార్గం కట్టడం. కంప్యూటర్లో. ఎవరైనా "గేమాండీ?" అన్నారో, ఆ పూట వాళ్ళకి కాఫీ లేదు. "ఆయ్, గేము కాదండి, సిమ్యులేటరు" అని గంటసేపు చెబుతాడు.

ముందుగా కట్టింది కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను. 1928లో తెల్లవాళ్ళు వేశారు, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి గట్టు దాకా పొగబండి నడిపారు. 1940లో యుద్ధం పేరు చెప్పి వాళ్ళే పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ ఆ దారిన పట్టాలు పడి బండి తిరిగింది 2004లో. అదీ కొన్నాళ్ళు ఒకే పెట్టె ఉన్న రైలు బస్సు. బాబాయి పనిగట్టుకుని వెళ్ళి దాన్ని చూసొచ్చాడు. "బస్సుకి ఇనుప చక్రాలు తొడిగారు" అని ఒక్కమాటలో తీర్పు చెప్పి, గదిలోకెళ్ళి ఆవిరింజను తయారీకి కూర్చున్నాడు.

ఆయన ప్రపంచంలో 1940 రాదు. బండి 1928లో బయల్దేరుతుంది, 1939 డిసెంబరు 31 అర్ధరాత్రి దాటగానే మళ్ళీ 1928 మొదలవుతుంది. యుద్ధం మొదలైంది కదా అంటే, "అది యూరప్‌లో. మనకి ద్రాక్షారామం క్రాసింగ్ ఉంది" అంటాడు.

కోటిపల్లి రేవు దాకా బాబాయి చరిత్రకి కట్టుబడిన మనిషి. సెల్ టవరుండదు, సిమెంటు కరెంటు స్తంభం ఉండదు. ఇంజను విషయంలో మరీ పట్టుదల. ఈ తీరం రైళ్ళన్నీ అప్పట్లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీవి కాబట్టి, బ్రాంచి లైన్ల కోసమే చేయించిన ఎక్స్ఏ రకం తేలికపాటి ఇంజను ఉండి తీరాలని ఆయన సిద్ధాంతం. "ఫొటో ఉందా బాబాయ్?" అంటే, "ఫొటో ఉంటే చూసుకుని కూర్చునేవాణ్ణి, ఇదంతా ఎందుకు కడతాను?" అంటాడు. వేసవి సెలవులకొచ్చిన మనవడు, ముక్కు మీద నక్షత్రం ఉన్న డబ్ల్యూపీ ఇంజను పెట్టమని ఏడ్చాడు. "అది మన దేశంలో దిగిందే 1947లోరా. 1935 బండికి తగిలిస్తే కాలద్రోహం" అన్నాడు తప్ప పెట్టలేదు. పిల్లాడు రెండు రోజులు అన్నం మానేశాడు. చివరికి రాజీ కుదిరింది. ఆ రాజీ సంగతి గౌతమి దాటాక చెబుతాను.

కూత దగ్గర పెద్ద చిక్కొచ్చింది. విదేశీ ఇంజన్ల కూతలు ఇంటర్నెట్లో దొరుకుతాయి గాని బాబాయికి నచ్చలేదు. కోటిపల్లి బండి కూత విన్నవాళ్ళెవరైనా బతికున్నారా అని వాకబు చేసి, ద్రాక్షారామం పక్క పల్లెలో తొంభై దాటిన ఒక మామ్మగారిని పట్టుకున్నాడు. పరికిణీ కట్టుకునే వయసులో గట్టు మీద నుంచుని బండిని చూసేదట ఆవిడ. "ఎలా కూసేదండీ?" అని ఫోను ముందు పెట్టాడు. మామ్మగారు సిగ్గుపడింది, పమిట సర్దుకుంది, మనవరాళ్ళని బయటికి పొమ్మంది, గట్టిగా ఊపిరి పీల్చి కూసింది. మధ్యలో దగ్గొచ్చింది. బాబాయి ఆ దగ్గు కూడా తీసెయ్యలేదు, ఆవిరి అలాగే తెగుతుందని. ఇవాళ ఆయన కంప్యూటర్లో స్పేస్ బార్ నొక్కితే వినిపించేది మామ్మగారే. ఆవిడ కొడుకు ఒకసారి వచ్చి విని, "మా అమ్మ నన్ను భోజనానికి పిలుస్తున్నట్టుందండి" అని లేచి నుంచున్నాడు.

ఇక బండి నడపడం. ఈ తరం సిమ్యులేటర్లలో బొగ్గు వేసే పని కంప్యూటరుకి అప్పగించేయొచ్చు. బాబాయి అప్పగించడు. రెగ్యులేటరూ ఆయనే, పారా ఆయనే. కుంపటి మీద కన్ను, ఆవిరి పీడనం మీద కన్ను, బాయిలరు నీటిమట్టం మీద మూడో కన్ను. నీళ్ళు తక్కువైతే నిప్పుపెట్టె నెత్తి బయటపడి, అందులో ఉన్న సీసపు బిరడా కరిగి, ఆవిరి నిప్పు మీదికి వచ్చి బండి అక్కడే కూలబడుతుంది. అలాంటి ఘడియలో పిన్ని "వంకాయ ఉందా, అయిపోయిందా చూడండి" అని కేకేస్తుంది. "ఇంజెక్టరు పట్టుకోవట్లేదు!" అని ఈయన అరుస్తాడు. "అయితే దొండకాయ చేస్తాను" అంటుందావిడ.

ఇవన్నీ ఒక ఎత్తు, కరెంటు ఒక ఎత్తు. బాయిలరు నిండా ఆవిరుంటుంది, టెండరు నిండా బొగ్గుంటుంది, ఎదర సిగ్నలు పడి ఉంటుంది, ఊళ్ళో కరెంటు పోతుంది. కరెంటు లేక ఆగిపోయిన ఆవిరి రైలు ప్రపంచంలో ఇదొక్కటే.

ఇప్పుడు గౌతమి దాటుదాం. అవతల నిజంగా రైలుందా అంటే, ఉంది, కాగితాల మీద. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి సుమారు 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01 రైల్వే బడ్జెట్లో మంజూరైంది. దాని కోసం తిరిగిన మన ఎంపీ, లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. తర్వాత గౌతమిలో స్తంభాలు లేచాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా వాటి చుట్టూ పడవ తిరుగుతుంది. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడి రామచంద్రపురం ప్రాంతం అందులో కలిశాక, జిల్లాలోకి రైలొచ్చినట్టే లెక్కయింది. రైలు గోదారి దాటి జిల్లాలోకి రాలేదు గాని, జిల్లాయే గోదారి దాటి రైలు దగ్గరికెళ్ళింది.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ ట్రైన్ సిమ్యులేటరు 2001లో వచ్చింది. మన లైను మంజూరూ, ఆ డిస్కూ ఇంచుమించు ఈడుజోడు. రెండో భాగం తీస్తామని చెప్పి మైక్రోసాఫ్ట్ వాళ్ళు మధ్యలో మానేస్తే, అభిమానులే కూడబలుక్కుని ఓపెన్ రైల్స్ అని ఉచితంగా రాసిపెట్టారు. బాబాయికి ఈ కథ నోటికొచ్చు. పెద్దవాళ్ళు వదిలేసిన పని జనం చెయ్యొచ్చని ఆయన దగ్గరున్న రుజువు అదే. వేల్స్‌లో తాలిలిన్ అనే చిన్న రైలు మూతబడబోతుంటే 1951లో అభిమానులే స్వచ్ఛందంగా నడిపారని రెండో రుజువు. మూడోది అడగొద్దు. అడిగితే డార్జిలింగ్‌కి యునెస్కో గుర్తింపు 1999లో వచ్చిందనీ, ఊటీ రైలుకి 2005లో వచ్చిందనీ, కొండలున్నవాళ్ళకే వారసత్వమా, కాలవలున్నవాళ్ళకి లేదా అనీ మొదలవుతుంది.

కొండంటే గుర్తొచ్చింది. ఎత్తుపల్లాల కోసం బాబాయి అమెరికావాళ్ళ లెక్కలు దింపుకున్నాడు. 2000 ఫిబ్రవరిలో వాళ్ళ స్పేస్ షటిల్ రాడారుతో భూమిలో చాలా భాగం కొలిచింది. అయితే ఆ రాడారు పైనుంచి తనకి ముందు తగిలిందే నేలనుకుంటుంది. కోనసీమలో ముందు తగిలేది కొబ్బరి మొవ్వు. దాంతో ముక్తేశ్వరం నుంచి అమలాపురం దాకా ఒక ఊటీ లేచి కూర్చుంది. బండి కొబ్బరితోటలెక్కుతూ, కాలవల్లోకి దిగుతూ, చెమటలు కక్కుతూ వచ్చింది. ఆ కొండలన్నీ చేత్తో చదును చేసేసరికి ఒక సంక్రాంతి, ఒక తీర్థం దాటిపోయాయి.

చదును చేసిన నేలలో మళ్ళీ చెట్లు నాటాలి. కొబ్బరిచెట్టు ఆకు ఆకునా ఈనెలు. అలాంటి చెట్టు వెయ్యి నాటేసరికి కంప్యూటరు ఊపిరాడక బండి తోలుబొమ్మలా ఎగిరెగిరి కదిలింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు చేసే మేనల్లుడు చూసి, "చెట్లు సగం తీసెయ్ మావయ్యా" అన్నాడు. బాబాయికి కళ్ళెర్రబడ్డాయి. "కాపు మీదున్న చెట్టుని కొట్టమంటావురా?" చివరికి దూరంగా ఉన్న చెట్లకి రెండు బొమ్మలు అడ్డంగా గుచ్చి సరిపెట్టాడు గాని, పట్టాల పక్కనున్నవాటికి గెలలతో సహా ఉంచాడు. అంబాజీపేట నుంచొచ్చిన కొబ్బరి వర్తకుడొకాయన తెర మీదికి వంగి చూసి, "దింపుకి ఎన్ని కాయలొస్తాయండీ?" అని అడిగి, గూడ్సు బండికి మా ఊళ్ళో ఒక సైడింగు వెయ్యండని అర్జీ పెట్టి వెళ్ళాడు.

అర్జీలు అక్కడితో ఆగలేదు. రాజోలువాళ్ళు ఎక్స్‌ప్రెస్ హాల్టడిగారు. లైను మా వైపు రాదేమని కొత్తపేట వియ్యంకుడు మాటలు తగ్గించాడు. అన్నింటికంటే ముదిరింది భూసేకరణ. అమలాపురం శివార్లలో రైలుకట్ట సరిగ్గా బాబాయి బావగారి చేలోంచి పోయింది. బావగారు సైకిలేసుకుని వచ్చాడు.

"నా చేలోంచి లైనేశావట?"

"కంప్యూటర్లో బావా."

"ఎక్కడైతేనేం? నన్నడిగావా?"

"అది ఉత్త బొమ్మ."

"రేపు నిజం లైనేసేవాళ్ళు నీ బొమ్మ చూసి ఇదే దారి అనుకుంటే? సెంటుకి ఎంతిస్తావో చెప్పు."

బాబాయి నష్టపరిహారంగా ఫిల్టరు కాఫీ ఇప్పించాడు. చాలలేదు. అక్కగారు ఫోను చేసింది. ఆ రాత్రే కట్ట పక్కకి జరిగి, బావగారి చేను చుట్టూ ఒక వంపు తిరిగింది. ఈరోజుకీ అక్కడ వేగం గంటకి 15 కిలోమీటర్లు దాటకూడదని పసుపు బోర్డుంది. వేళల పట్టిక కాగితంలో దాని పేరు 'బావగారి వంపు'. నిజం రైలు మార్గాల్లో మెలికలు ఎలా వస్తాయో ఆరోజే అర్థమైందంటాడు బాబాయి.

గౌతమి మీద వంతెన సంగతి. కొత్తది గీసే ఓపిక లేదు. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన 1900లో మొదలై 1997లో రిటైరైంది. యాభై ఆరు స్పాన్లూ ఖాళీగానే ఉన్నాయి కదా అని, ఆ గడ్డర్లు నమూనాగా తీసుకుని కోటిపల్లి రేవులో దించేశాడు. రిటైరైనవాళ్ళకి కాస్త పని ఉండాలని ఆయన వాదన. వంతెన ఇవతల చరిత్ర, అవతల న్యాయం. చరిత్రలో ఎక్స్ఏ తప్ప మరొకటి కుదరదు. న్యాయంలో మాత్రం కోటిపల్లి దగ్గర ఇంజను మార్చి డబ్ల్యూపీ తగిలిస్తారు. మనవడితో కుదిరిన రాజీ ఇదే. ఆ నక్షత్రం ముక్కు ఇంజను గోదారి మీద పొగ వదులుతూ, కింద పంటులో మోటారు సైకిళ్ళతో నుంచున్న జనాన్ని దాటి, ముక్తేశ్వరంలో ఆగి, బావగారి వంపులో మెల్లగా తిరిగి, అమలాపురం మొదటి నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. రెండో నంబరు ఇంకా మంజూరు కాలేదు.

పిన్ని ఆ రైలు ఎక్కలేదు. ఆవిడకి కాశీ వెళ్ళాలనుంది, దానికి రాజమండ్రి పోవాలి. "మీ బండి కాశీ దాకా వేస్తే చెప్పండి" అంటుంది. ఆయన పట్టిక తీసి చూస్తాడు, కుదిరేలా లేదంటాడు.

ఈ మనిషిని చూసి నవ్వుకునేవాళ్ళున్నారు, నేనూ ఉన్నాను. కానీ లెక్కంటే లెక్కే: ఇప్పటిదాకా అమలాపురం చేరిన రైలు ఆయనదొక్కటే, అదీ రైట్ టైముకి. మీకూ ఎక్కాలనుంటే టికెట్టక్కర్లేదు, కాఫీ కూడా ఇస్తారు. భుజాన తువ్వాలు రంగు చూసుకుని వెళ్ళండి. గదిలో కుడివైపు ఖాళీ కుర్చీ కనిపిస్తే మాత్రం కూర్చోకండి. అది ఫైర్‌మన్‌ది. కూర్చున్నారంటే కోటిపల్లి దాకా బొగ్గు మీరే వెయ్యాలి.