ముట్టినవి

హుజూరాబాద్‌లో ఆ ఆదివారం మా సంఘం సభకు ముఖ్య వక్తను నేనే. విషయం బరువైనదే: ఆదివాసుల పాటను దొరల విద్యాసంస్థలు ఎట్లా సొంతం చేసుకున్నాయి.

బాగానే దంచాను. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తేల్చమని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా మనిషి. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉందని, యుద్ధం మొదలుకాగానే బ్రిటిష్ వాళ్లు ఆయన్ని హైదరాబాద్ రాజ్యానికే కట్టడి చేశారు. గోండుల ఊరు మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు, గోండి నేర్చుకున్నాడు, గోండుల పాటగాళ్లైన ప్రధాన్లు కీక్రి వాద్యం మీద పాడే గాథలు రాసుకున్నాడు. 1948లో అవి లండన్‌లో పుస్తకమై వచ్చాయి. తర్వాత ఆయన అక్కడి విద్యాసంస్థ సోయాస్‌లో ఆచార్యుడయ్యాడు. ఫొటోలు, ఫిల్ములు, నోట్సు అన్నీ అక్కడికే చేరాయి.

"పాడినోడు అడవిల, పాట లండన్ బీరువల!" అన్నాను. చప్పట్లు.

గోండులకు బడులు పెట్టించిందీ, భూములకు పట్టాలిప్పించిందీ ఆయనేనని మాత్రం చెప్పలేదు. చెబితే చప్పట్లు పలచబడతాయి.

ముందు వరుసలో ఒక ప్రధాన్ పెద్దాయన. జైనూర్ దిక్కు నుంచి పిలిపించాం. ఒళ్లో గుడ్డసంచి, అందులో మూడు తీగల కీక్రి. కరపత్రంలో చివరి అంశం ఆయనదే: 'కీక్రి గానం, పది నిమిషాలు.' నా ఉపన్యాసమే గంటంబావు పట్టింది. నా తర్వాత మరో ముగ్గురు, ఆపైన శాలువాలు. ఇంతలో వాచ్‌మన్ వచ్చి తాళాలు గలగలలాడించాడు. సాయంత్రం హాల్లో పెండ్లి ఉందట.

మెట్ల మీదే పెద్దాయన చేతిలో రెండు వేలు పెట్టి, ముందే రాసి ఉంచిన రసీదు చాపాను. 'కీక్రి గానం చేసినందుకు ముట్టినవి.' కూడబలుక్కుని చదివాడు.

"నేను పాడలే గద సారూ?"

"లెక్క కోసం తాతా. టైం లేకపాయె, ఏమనుకోకు."

"మా నాయన ఆ దొర ముందట తెల్లందాక పాడిండంట. దొర కూసున్న కాడికెల్లి లేవలేదంట."

బస్సు కిరాయి లెక్కగట్టి తీసుకుని, మిగతాది నా చేతిలో పెట్టాడు. సంతకం మాత్రం చేయలేదు.

ఆనాటి గోండు సంగీతానికి గుర్తుగా మా సంఘం ఫైల్లో ఉన్నది ఆ రసీదు ఒక్కటే.